యాక్సెప్ట్ అయిన పేపరుకు రెండున్నర లక్షలు కట్టాలా?

ప్రశ్న: తెలంగాణలోని ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చివరి దశలో ఉన్న ఒకామె రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం. ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను. నల్గొండ జిల్లా బోరునీళ్లలో ఫ్లోరైడ్, ఆర్సెనిక్ ఎంతెంత ఉన్నాయన్నది ఆమె పరిశోధన. రెండుసార్లు రివిజన్ చేయించుకున్నాక ఒక పేరున్న అంతర్జాతీయ జర్నల్ ఆమె పేపర్‌ని యాక్సెప్ట్ చేసింది. ల్యాబ్‌లో స్వీట్లు పంచారు, యాక్సెప్టెన్స్ లెటర్ ఫొటో తీసి లింక్డ్‌ఇన్‌లో పెట్టారు. "ఆ ఒక్కరోజే మేడమ్ సంతోషం. తర్వాత మెయిల్ తెరవాలంటేనే చేతులు వణుకుతున్నాయి" అని రాశారు.

మర్నాడు ప్రచురణ సంస్థ నుంచి ఒక ఫారం వచ్చింది. ఏడు రోజుల్లో పూర్తి చేయాలట. మొదటి పేజీలోనే 2,900 డాలర్లు అని కనిపించింది. ఫెలోషిప్ ఎప్పుడో ఆగిపోయింది. నాన్న పొలం మీద అప్పు తెస్తానంటున్నారు. ఇంకో మెయిల్‌లో 350 డాలర్లు కడితే తొందరగా వేస్తామని, లేకపోతే వచ్చే ఏడాదేనని ఉంది. ఫారంలో ఇంటిపేరు, పేరు విడివిడిగా అడుగుతున్నారు. ఆమె సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క ఇనీషియలే, పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరింది. ఈలోగా గైడ్ పిలిచి, పక్క డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ పేరు కూడా చేర్చమన్నారు. "ఆయన మెషీన్ మీదే కదా శాంపిల్స్ రన్ చేశాం, ప్రూఫ్ వచ్చినప్పుడు పెట్టేయ్, ఎవరూ చూడరు" అన్నారట. ప్రూఫ్ అంటే అచ్చుకు ముందు సరిచూడటానికి రచయితకు పంపే కాపీ. కరెస్పాండింగ్ ఆథర్, అంటే జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత, ఈమే. ఇవన్నీ విన్న సీనియర్లు ఆ పేపర్‌ని వెనక్కి తీసేసుకో, 3,000 రూపాయలకు నాలుగు రోజుల్లో వేసే జర్నల్ ఉంది అంటున్నారు. థీసిస్ ఇవ్వడానికి యాక్సెప్టెన్స్ లెటర్ సరిపోతుందా, పేపర్ అచ్చయితే థీసిస్‌లో అదే చాప్టర్ కాపీ కింద పట్టుబడుతుందా అన్నవి చివరి రెండు ప్రశ్నలు.

జవాబు: అమ్మా, నాన్నగారికి ఇప్పుడే ఫోన్ చేసి అప్పు మాట పక్కన పెట్టమనండి. మీరు రాసినదాన్ని బట్టి మీ జర్నల్ పూర్తి ఓపెన్ యాక్సెస్ జర్నల్ కాదు, అంటే పేపర్లన్నీ అందరికీ ఉచితంగా తెరిచి ఉంచే జర్నల్ కాదు, రెండు దారులూ ఉన్న జర్నల్. దీన్నే హైబ్రిడ్ అంటారు. ఆ ఫారంలో 2,900 డాలర్ల దారిని ముందు, పెద్ద అక్షరాల్లో పెట్టారు. పేజీ కిందికి జరిపితే సబ్‌స్క్రిప్షన్ అనే రెండో దారి ఉంటుంది. అది ఎంచుకుంటే మీరు కట్టాల్సింది ఏమీ లేదు. ఆ రెండోది కనపడక, కనపడినా అది తమకు కాదనుకుని, ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. ఫారం అలా తయారు చేయడం అమాయకంగా జరిగిన పని అని నేననుకోను.

రెండు దారుల్లో తేడా ఏమిటంటే, డబ్బు కడితే పేపర్‌ని ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, కాపీరైట్ సాధారణంగా మీ దగ్గరే ఉండి మీ పేరు చెప్పి ఇతరులు వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వస్తుంది. మన రూపాయల్లో రెండున్నర లక్షలు దాటుతుంది, పన్ను అదనం. కట్టకపోతే కాపీరైట్‌నో, ప్రచురించే పూర్తి హక్కునో సంస్థకు రాసిస్తారు, చదవాలంటే చందా ఉండాలి. ఇదివరకైతే ఈ రెండోదానివల్ల మన పక్క కాలేజీవాళ్లే మన పేపర్ చదవలేకపోయేవారు. కేంద్రం తెచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరి నుంచి నడుస్తోంది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నల్స్‌ని ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధనా సంస్థల్లో చదువుకోవచ్చు. మీ జర్నల్ అందులో ఉందో లేదో లైబ్రరీలో అడగండి.

ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో పనిచేసే సంస్థలకు మాత్రం ఈ చందాలు ఉండవు. మీ పేపర్ అసలు అవసరం వాళ్లకే కదా. దానికీ దారి ఉంది. రివ్యూ అయ్యాక మీరు చివరిసారి పంపిన వర్డ్ ఫైలు, అంటే జర్నల్ డిజైన్ లేని కాపీ, మీ దగ్గరే ఉంటుంది. చాలా సంస్థలు దాన్ని కొంత గడువు తర్వాత యూనివర్సిటీ రిపాజిటరీలో, అంటే ఎవరైనా చదవగలిగే ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టనిస్తాయి. గడువు చాలాచోట్ల 12 నెలలు, కొన్నిచోట్ల ఎక్కువ. మీ జర్నల్ సైట్‌లో రాసే ఉంటుంది. ఆ ఫైలు ఇప్పుడే వేరే ఫోల్డర్‌లో దాచుకోండి, తర్వాత ఏది చివరి కాపీయో వెతుక్కోవడం పెద్ద తలనొప్పి. మినహాయింపు అడగమని ఎవరైనా చెబితే ఆశ పెట్టుకోకండి. తక్కువ ఆదాయ దేశాలకు ఇచ్చే మాఫీ జాబితాల్లో సాధారణంగా మన దేశం ఉండదు. మీ యూనివర్సిటీకి ఆ సంస్థతో ఒప్పందమో నిధో ఉంటే తప్ప సబ్‌స్క్రిప్షన్ దారే మేలని నా అభిప్రాయం.

ఏడు రోజుల గడువు గురించి కూడా అంత కంగారు వద్దు. ఫారం పూర్తయ్యేదాకా పేపర్ ముందుకు కదలదు, రిమైండర్లు వస్తాయి, అంతే. ఇంకో వారం కావాలని రెండు లైన్ల మెయిల్ రాస్తే ఇస్తారు.

350 డాలర్ల మెయిల్ దొంగ మెయిల్ అనే నా గట్టి అనుమానం. మీరు లింక్డ్‌ఇన్‌లో పెట్టిన లెటర్‌లో పేపర్ నంబరు, శీర్షిక, జర్నల్ పేరు అన్నీ ఉన్నాయి, వాళ్లకు ఇంకేం కావాలి? ఆ మెయిల్‌లోని లింకు నొక్కొద్దు. మీరు పేపర్ పంపిన పోర్టల్‌లోకి మీ లాగిన్‌తో వెళ్లి చూడండి. అక్కడ లేని బిల్లు బిల్లు కాదు. ఆ పోస్టు తీసేయండి, పేపర్ వచ్చాక లింకే పెట్టుకుందురు.

ఇక పేరు. నన్నడిగితే ఫారం మొత్తంలో మీరు ఎక్కువసేపు ఆలోచించాల్సింది డాలర్ల దగ్గర కాదు, ఇక్కడ. మనకు ఇంటిపేరు ముందుంటుంది, సర్టిఫికెట్లలో ఒక అక్షరంగా మిగులుతుంది. వాళ్ల డేటాబేసులు ఇంటిపేరు పూర్తిగా రాసి, పేరును అక్షరాలుగా కుదిస్తాయి. సరిగ్గా తలకిందులు. మీ ఇనీషియల్‌ని ఇంటిపేరు గడిలో పెడితే స్కోపస్ అనే పరిశోధనా పత్రాల డేటాబేసులో మీరు ఒక్క అక్షరంగా మిగిలిపోతారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తీసుకోండి. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి మీద ఆయన వేసిన పేపర్‌ని ఇప్పటికీ ఉదహరిస్తారు. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. యల్లాప్రగడ అన్న ఇంటిపేరు ఒక్క అక్షరమైంది, సుబ్బారావే ఇంటిపేరైంది. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో వేసిన పేపర్ వల్ల గణాంకశాస్త్రంలో క్రామెర్-రావు అన్న మాట పుట్టింది, అక్కడ ఇంటిపేరు స్థానంలో నిలిచింది రావు. ఇద్దరికీ నష్టమేమీ జరగలేదు, ఎందుకంటే జీవితమంతా ఒకే తీరున రాసుకున్నారు. ఈ రోజుల్లో అంతకు మించి ఇబ్బందులున్నాయి. రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో స్క్రూటినీ చేసేవాళ్లు పేపర్ మీది పేరు, పీహెచ్‌డీ సర్టిఫికెట్ మీది పేరు పక్కపక్కన పెట్టి చూస్తారు.

మీకు ఉన్న దారులు మూడు. పుట్టింటి ఇంటిపేరును పూర్తిగా విప్పి ఇంటిపేరు గడిలో రాస్తే సర్టిఫికెట్లతో సరిపోతుంది, ఇనీషియల్ ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికైనా అర్థమవుతుంది. భర్త ఇంటిపేరు పెడితే ఆధార్‌తో సరిపోతుంది, సర్టిఫికెట్లతో సరిపోదు. మీ పాత కాన్ఫరెన్స్ పేపర్ వేరే మనిషిదిగా నమోదవుతుంది. సుబ్బారావుగారిలా మీ పేరులోని చివరి మాటనే ఇంటిపేరుగా పెట్టుకోవచ్చు, కానీ మీ పేరు చివరి మాట చాలామంది ఆడపిల్లలకు ఉన్నదే కాబట్టి అదే పేరుతో ఇంకో వందమంది తేలతారు. నేనైతే మొదటిదానికే ఓటు వేస్తాను. భర్తవైపు వాళ్లు ఏమనుకుంటారో అని మీరు రాశారు. ఆధార్ ఆధార్‌లాగే ఉంటుంది, పేపర్ మీది పేరు చదువుకున్న పేరు, అలా చెప్పండి. ఏది ఎంచుకున్నా పరిశోధకులకు గుర్తింపుగా ఇచ్చే ఆర్కిడ్ నంబరు తీసుకోండి. ఉచితం, 16 అంకెలు, పేరు మారినా మనిషి మారలేదని చెప్పేది అదే. ప్రచురణ తర్వాత పేరు మార్చుకోవడానికి ఇప్పుడు చాలా సంస్థలు ఒప్పుకుంటున్నాయి గానీ, ఆ తిరుగుడు ఇప్పుడే తప్పించుకోవచ్చు కదా.

గైడ్‌గారి మాట దగ్గరికి వద్దాం. ఆయన్ని మీరు ఉత్తరంలో ఎక్కడా తిట్టలేదు, అది నాకు నచ్చింది. మన దగ్గర మెషీన్ ఒకచోట, శాంపిల్స్ ఒకచోట, బాకీలు పేర్ల రూపంలో తీర్చుకోవడం అలవాటైపోయింది. కానీ "ఎవరూ చూడరు" అన్నది మాత్రం తప్పు. ప్రూఫ్‌లో పేరు చేర్చితే దాన్ని మొదట చూసేది టైప్‌సెట్టింగ్ చేసేవాళ్లు. విదేశీ జర్నల్ అనుకునే వాటిలో చాలావాటికి ఈ పని జరిగేది చెన్నైలోనో పుదుచ్చేరిలోనో. రచయితల జాబితాలో మార్పు కనపడగానే పని ఆపి ఎడిటర్‌కి పంపాలని వాళ్లకు నియమం ఉంటుంది. ఎడిటర్ కారణం అడుగుతారు, పాత రచయితలందరి సంతకాలు, కొత్తాయన సంతకం అడుగుతారు. ప్రచురణ నైతికతకు సంబంధించిన కోప్ అనే సంస్థ మార్గదర్శకాలు కూడా అందరూ ఒప్పుకునేదాకా ప్రచురణ నిలపమంటాయి. కరెస్పాండింగ్ ఆథర్‌గా ఆ సంజాయిషీ రాయాల్సింది మీరు, గైడ్ కాదు.

అసలు ఆ ప్రొఫెసర్ ఏం చేశారన్నది మీ ఉత్తరంలో అస్పష్టంగా ఉంది. మెషీన్ వాడుకోనిచ్చారా, లేక ఆర్సెనిక్ రీడింగులు ఎందుకు తేడాగా వస్తున్నాయో కూర్చుని తేల్చిపెట్టారా? వైద్య జర్నల్స్ సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. పనిలో చెప్పుకోదగ్గ భాగం ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో చేయి ఉండాలి, చివరి కాపీని ఆమోదించాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉండాలి. మిగతా శాస్త్రాల జర్నల్స్ కూడా చాలావరకు ఇదే బాట. ఎవరు ఏ పని చేశారో రాసే 14 పనుల పట్టికలో పరికరాలు సమకూర్చడం కూడా ఒక పనిగా ఉంటుంది, గైడ్‌గారు దాన్ని చూపించవచ్చు. ఆ పట్టిక రచయితల పనులు చెప్పడానికే, రచయిత ఎవరో తేల్చడానికి కాదు.

ఆయన నిజంగా డేటాని విడమరిచి చెప్పి ఉంటే, పేరు లేకపోవడమే అన్యాయం. అప్పుడు ప్రూఫ్ దాకా ఆగకుండా ఇప్పుడే ఎడిటర్‌కి రాయండి, ఆయన పేపర్ చదివి తన మాట చెప్పనివ్వండి. పేపర్ కొన్ని వారాలు ఆలస్యమవుతుంది, ఎడిటర్ కాదనే అవకాశమూ ఉంది. మెషీన్ మాత్రమే ఇచ్చి ఉంటే అక్‌నాలెడ్జ్‌మెంట్‌లో, అంటే పేపర్ చివర కృతజ్ఞతలు చెప్పే చోట, పేరు, డిపార్ట్‌మెంట్, మెషీన్ వివరం రాయండి. దానికి ఆయన అనుమతి మెయిల్‌లో తీసుకోండి, కొన్ని జర్నల్స్ అడుగుతాయి. ఇది ప్రూఫ్‌లో చేయగలిగిన చిన్న మార్పే, చాలామంది ప్రొఫెసర్లు దీంతో సంతోషిస్తారు కూడా.

గైడ్ పట్టుబడితే ఎదురుగా నిలబడి కాదనడం మీకు కష్టం. థీసిస్ మీద సంతకం ఆయనదే, ఆ భయం నిజమైనదే. అందుకే కాదనే పని మీ నోటితో చేయకండి, జర్నల్ చేత చేయించండి. "సార్, పేరు చేర్చాలంటే ఈ ఫారం కావాలట, కారణం రాయాలట, మన ముగ్గురి సంతకాలూ కావాలట. కారణం ఏం రాయమంటారు?" అని జర్నల్ పాలసీ పేజీ జతచేసి మెయిల్ చేయండి. నోటిమాటగా చెప్పిన పని కాగితం మీద కారణం రాయమనేసరికి చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆగకపోతే, నిర్ణయం ఆయనది అని మీ దగ్గర రుజువు ఉంటుంది. ఊరికే చేర్చేసి ఊరుకునే దారి కూడా ఉంది, చాలామంది చేస్తారు. దాని పర్యవసానం ఏళ్ల తర్వాత వస్తుంది. ఎవరో ఫిర్యాదు చేస్తే పేపర్ కింద నోటీసు పడుతుంది, అక్కడ ముందుండే పేరు మీది.

పేపర్ వెనక్కి తీసుకోమన్న సలహాని మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. రివ్యూయర్లు చదివి, మీరు రెండుసార్లు దిద్ది, ఎడిటర్ ఒప్పుకున్న పేపర్ అది. వెనక్కి తీసుకోవాలంటే అందరి అంగీకారంతో రాసి, వాళ్లు సరేనన్న మెయిల్ వచ్చాకే ఇంకోచోటికి పంపాలి. ఈలోపే పంపితే ఒకే పేపర్ రెండుచోట్ల ఇచ్చినట్టవుతుంది, అది ఇంకో పెద్ద నేరం. నాలుగు రోజుల్లో వేసే జర్నల్‌లో రివ్యూ అనేది ఉండదు. "యూజీసీ అప్రూవ్డ్" అని వాళ్లు బోర్డు పెట్టుకుని ఉండొచ్చు. నమ్మదగ్గ జర్నల్స్ అంటూ యూజీసీ ఇచ్చే యూజీసీ-కేర్ జాబితానే 2025 ఫిబ్రవరిలో ఆపేశారు, ఇప్పుడు ఏది మంచి జర్నలో చూసుకోవాల్సింది యూనివర్సిటీలే.

ఫారం ఇచ్చాక ప్రూఫ్ వస్తుంది. దానికి 48 గంటలో, రెండు మూడు పనిదినాలో గడువు ఇస్తారు. శుభలేఖ ప్రూఫ్ చూసినంత శ్రద్ధగా చూడాల్సింది ఇదే, అచ్చేశాక ముహూర్తం మార్చలేం. ముందు వాళ్లు అడిగిన ప్రశ్నలు ఉంటాయి. మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ పేర్లదే, ఇంటిపేరు ఏదో సరిగా గుర్తించామా అని. అక్కడ చూడకుండా ఓకే కొట్టేయకండి. తర్వాత అంకెలు. ఆర్సెనిక్‌కి తాగునీటి పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఫాంట్ మారేటప్పుడు మైక్రో గుర్తు పోయి 'ఎమ్' పడితే అది 10 మిల్లీగ్రాములవుతుంది, వెయ్యి రెట్లు. ఫ్లోరైడ్ 1.5లో చుక్క ఎగిరిపోతే 15. టేబుళ్లలో ఒక వరస పక్కకి జరిగితే మర్రిగూడ రీడింగు పక్క మండలానికి పోతుంది. ఇంగ్లీషు దిద్దే మనిషికి మన ఊళ్ల స్పెల్లింగు తెలియదు, ఒకే ఊరిని మ్యాప్‌లో ఒకలా, టేబుల్‌లో ఒకలా ఉంచేస్తారు. ఇద్దరు కూర్చోండి, ఒకరు పాత ఫైలు పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫ్ చూడాలి. స్పెల్లింగులు, అంకెలు, పేర్లు మార్చొచ్చు. కొత్త పేరా రాయాలని, చర్చ ఇంకా బాగా రాయాలని ఆ సమయంలోనే బుద్ధి పుడుతుంది, పుట్టినా రాయకండి, మళ్లీ ఎడిటర్ దగ్గరికి పోతుంది.

ఆ తర్వాత కొన్ని రోజుల్లోనో, కొన్ని వారాల్లోనో పేపర్ ఆన్‌లైన్‌లో వస్తుంది. దాన్ని శాశ్వతంగా గుర్తుపట్టడానికి 10తో మొదలయ్యే డీఓఐ నంబరు ఉంటుంది. వాల్యూమ్, పేజీ నంబర్లు ఇంకా రాకపోయినా అది ప్రచురితమైన పేపరే. స్కోపస్‌లో కనపడటానికి ఇంకొంత కాలం పడుతుంది, రోజూ వెతకొద్దు. అప్పుడు తప్పు దొరికితే చడీచప్పుడు లేకుండా దిద్దరు, సవరణ నోటీసు వేరుగా వేసి పేపర్‌కి శాశ్వతంగా తగిలిస్తారు.

థీసిస్ విషయానికొస్తే, పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022 నవంబరు నియమాల్లో తీసేసింది. కానీ యూనివర్సిటీలు తమ సొంత షరతు పెట్టుకోవచ్చు, చాలాచోట్ల ఉంది. మీ దగ్గర రూల్‌లో యాక్సెప్టెడ్ అని ఉందా, పబ్లిష్డ్ అని ఉందా అన్నది సీనియర్ల మాట కాకుండా రీసెర్చ్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడగండి. కాపీ చెక్ గురించి మీ భయం సహజం. సాఫ్ట్‌వేర్‌కి మీ పేపర్, మీ చాప్టర్ ఒకరివేనని తెలియదు, 10 శాతం పరిమితి దాటించేస్తుంది. అందుకే చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి సొంత పేపర్లను లెక్కలోంచి తీసేయడానికి గైడ్ సర్టిఫికెట్ ఇస్తారు. చాప్టర్ మొదట్లోనే ఈ భాగం ఫలానా పేపర్‌గా వచ్చిందని డీఓఐతో రాయండి. థీసిస్ శోధ్‌గంగలోకి, అంటే మన దేశపు థీసిస్‌లను అందరికీ చూపే ఆన్‌లైన్ భాండాగారంలోకి, వెళ్తుంది కాబట్టి, జర్నల్ డిజైన్ చేసిన పీడీఎఫ్ పేజీలు అతికించొద్దు, మీ వర్డ్ ఫైలు పాఠమే వాడండి. హక్కుల ఫారంలో థీసిస్ అన్న మాట ఎక్కడుందో వెతికి ఆ పేరా సేవ్ చేసుకోండి.

ఈ రోజు మాత్రం రెండు మెయిల్స్ చాలు. ఒకటి ప్రచురణ సంస్థకు, ఇంకో వారం గడువు కావాలని. రెండోది గైడ్‌గారికి. ఆ రెండోది పంపేముందు ఒకసారి చూపించాలనిపిస్తే పేర్లు, జర్నల్ పేరు తీసేసి నాకు పంపండి, చదివి చెబుతాను.